వెనక రేకు

సోమవారం పొద్దున షెడ్డులో ప్రెస్సు మిషన్లు ఇంకా వేడెక్కకముందే భూతద్దం వచ్చి పెద్దాయన బల్ల మీద ఒక మ్యూజిక్ ప్లేయరు పెట్టాడు.

భూతద్దం అంటే కంపెనీ పంపే ఇన్‌స్పెక్టరు. మెడలో తాడుకి వేలాడే అద్దం లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కాబట్టి షెడ్డులో ఆడవాళ్ళు ఆ పేరు పెట్టారు. సంగతి ఆయనకీ తెలుసు, పట్టించుకోడు. పెద్దాయన అంటే షెడ్డు యజమాని. జేబులో పట్టే ఆ ప్లేయర్లు కొత్తగా వచ్చి జనం వాటి వెంట పడుతున్న కాలం అది. వాటి వెనక ఉండే స్టీలు రేకు ఈ షెడ్డులోనే తయారవుతుంది.

ముదురు నీలం ముఖం, మధ్యలో పసుపుపచ్చ చక్రం. వెనక అద్దంలాంటి రేకు, దాని కింది అంచున ముగ్గురు పాటగాళ్ళ సంతకాలు. కంపెనీ వచ్చే నెల విడుదల చేయబోయే ప్రత్యేకమైన మోడలు అది. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకోగానే బోర్లా తిప్పాడు. ముందు వైపు చూసే అలవాటు ఆయనకి లేదు.

"ఇది ఇంకా బజారుకి రాలేదుగా," అన్నాడు.

"రాలేదు. నిన్న స్టేషన్ బయట పేవ్‌మెంటు మీద దుప్పటి పరిచి అమ్ముతున్నారు. నేనే కొన్నాను."

భూతద్దం నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. ముందు భాగం ఉత్త నకిలీ. చక్రం తిరగదు, బొమ్మలా అతికించారు. లోపల నాలుగు పాటలు పట్టే చవకరకం సర్క్యూటు. వెనక రేకు మాత్రం అసలుది. ఇలాంటి మెరుగు ఈ చుట్టుపక్కల ఇంకే షెడ్డూ పెట్టలేదని కంపెనీలో అందరికీ తెలుసు. ఆ మాటకి పెద్దాయన ఛాతీ ఒక్క క్షణం పొంగి, రెండో క్షణం కుంగింది. మెచ్చుకోలు, నేరారోపణ ఒకే నోట్లోంచి రావడం ఆయన వ్యాపారంలో అదే మొదటిసారి.

శుక్రవారం మళ్ళీ వస్తానన్నాడు భూతద్దం. ఎవరి చేతిలోంచి పోయింది, ఎవరికి పోయింది, రెండూ చెప్పాలి. చెప్పలేకపోతే పని ఇంకో షెడ్డుకి వెళ్తుంది. ఆ ప్లేయరుని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు.

అసలు ఈ ప్రత్యేక మోడలు అన్నదే పెద్దాయనకి మొదట్నించీ నవ్వొచ్చే వ్యవహారం. లోపలి యంత్రం అదే, బ్యాటరీ అదే, పాటలు పట్టే చోటూ అంతే. పైన రంగు మార్చి, వెనక మూడు గీతలు గీసి, ధర పెంచారు. అయినా ఆయన ఎన్నడూ తప్పు పట్టలేదు. పైమెరుగుకి డబ్బిచ్చే జనం ఉన్నందుకే తన షెడ్డు నడుస్తోంది. కొన్నవాడు తన మొహం అందులో చూసుకుని మురవాలని కంపెనీ డిజైనర్లు పట్టుబట్టి ఆ రేకు పెట్టించారు. జేబులో తాళంచెవులు ఉంటే వారంలోపే గీతలు పడి మసకబారుతుందని ఆయన ఆ రోజే అనుకున్నాడు, పైకి అనలేదు. మసకబారితే నష్టం కొన్నవాడిది. కొనేటప్పుడు మెరిస్తే చాలు, తన లెక్క సరిపోతుంది.

ఇప్పుడు ఆ లెక్కలో ఎక్కడో చిల్లు పడింది.

షెడ్డులో పని వరస అందరికీ తెలిసిందే. రేకు ప్రెస్సులో వంగుతుంది. మూడు బఫ్‌ల మీద, అంటే గిర్రున తిరిగే గుడ్డ చక్రాల మీద, ఒకదాని తర్వాత ఒకటిగా మెరుగెక్కుతుంది. చివరి బఫ్ దగ్గర పరీక్షకి నిలిచిన రేకు ట్రేలోకి, ట్రే సంతకాల గదిలోకి వెళ్తాయి. అక్కడ లేజరు మిషను సంతకాలు గీస్తే, సరుకు సీలు వేసి కంపెనీకి పోతుంది. నిలవని రేకు డ్రమ్ములోకి పోతుంది. డ్రమ్ము నిండితే తుక్కు కింద తూకానికి పోతుంది. సంతకాల గదికి ఏసీ ఉంది, తాళం ఉంది, లోపల అల్లుడున్నాడు. మెరుగు గదికి తలుపే లేదు. దొంగ ఎక్కడుంటాడో తేల్చుకోవడానికి పెద్దాయనకి ఒక టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. సంతకాలదేముంది, ఆ మిషను ఉన్నవాడెవడైనా గీసిస్తాడు, మెరుగు మాత్రం దొంగిలించాల్సిందే. అలా అనుకుని, బల్ల సొరుగులో ప్లేయరుని పడేసి తాళం వేశాడు.

*

ఆ రోజంతా, మర్నాడు కూడా ఆయన కుర్చీ తెప్పించుకుని మెరుగు గదిలో కూర్చున్నాడు. ఇక్కడ గాలి బాగా వస్తోందని చెప్పాడు. ఆ గదిలో వచ్చేది బఫ్ గుడ్డల నూగు తప్ప గాలి కాదు. ముక్కులకి గుడ్డలు కట్టుకున్న ఐదుగురు ఆడవాళ్ళూ ఒకరినొకరు చూసుకుని తలలు వంచుకున్నారు.

చివరి బఫ్ మీద పనిచేసేదాన్ని మెరుగక్క అంటారు. అసలు పేరు పెద్దాయన కూతురికి తప్ప ఎవరికీ గుర్తులేదు, హాజరు వేసేది ఆ కూతురే. మెరుగక్క, తిరుగుతున్న బఫ్‌కి ఆకుపచ్చ సబ్బుకడ్డీ ఒకసారి తాకిస్తుంది. సబ్బు గుడ్డకి పట్టగానే రేకుని రెండు బొటనవేళ్ళతో బిగించి ఆనిస్తుంది. గట్టిగా ఆనిస్తే రేకు వేడెక్కి నీలం తిరుగుతుంది, వదులుగా ఆనిస్తే మసక మిగిలిపోతుంది. చప్పుడు మారడంతోనే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, నెత్తి మీది ట్యూబులైటు కింద ఏటవాలుగా పట్టి చూస్తుంది. రేకులో లైటు గీత తిన్నగా కనిపిస్తే ట్రేలో పెడుతుంది. ఎక్కడైనా గీత వంగిందంటే రేకులో అల ఉన్నట్టే. ఎంత రుద్దినా అది పోదు. డ్రమ్ములో వేస్తుంది.

ఇన్నాళ్ళూ పనితనంగా కనిపించిన ప్రతి కదలికా ఆ రెండు రోజులూ పెద్దాయనకి ఇంకోలా కనిపించింది. రేకుని ఇంతసేపు ఎందుకు చూస్తోంది? నాణ్యం చూస్తోందా, ఏది పట్టుకుపోవాలో ఎంచుకుంటోందా? మధ్యలో కొంగు ఎందుకు సర్దుకుంది? అన్నిటికంటే ముఖ్యంగా, డ్రమ్ములో వేసేటప్పుడు మిగతావాళ్ళు ఠంగుమని విసురుతుంటే ఈమె చెయ్యి లోపలికి దించి చప్పుడు కాకుండా పెడుతోంది. చెత్తలో వేసేదాన్ని ఎవరైనా అంత మెల్లిగా వేస్తారా?

"అయ్యగారికి ఉక్కపోస్తున్నట్టుంది," అంది ఆమె పనిలోంచి తల ఎత్తకుండా. "ఈ గదిలో కూర్చుంటే సాయంత్రానికి మీ మొహమూ మా మొహంలాగే అవుతుంది. ఇంట్లో అమ్మగారు గుర్తుపట్టరు."

మిగతావాళ్ళు గుడ్డల చాటున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. తప్పు చేసినవాళ్ళకే ముందు జోకులు వస్తాయని ఆయన నమ్మకం.

మంగళవారం మధ్యాహ్నం అల్లుడు వచ్చి పక్కన నిలబడ్డాడు. షెడ్డు మొత్తానికి చొక్కా నలగని మనిషి అతనొక్కడే. విషయం పెద్దాయన సోమవారమే చెప్పాడు. అల్లుడు విని చాలా బాధపడ్డాడు, నమ్మినవాళ్ళే ఇలా చేస్తారని రెండుసార్లు అన్నాడు. ఇప్పుడు చెవి దగ్గరికి వంగి, "మామయ్యా, మీరు మొహమాటపడుతున్నారు. సాయంత్రం గేటు దగ్గర సంచులు చూద్దాం. అడిగితే ఎవరు ఒప్పుకుంటారు?" అన్నాడు.

ఆడవాళ్ళ సంచులు మగవాళ్ళు చూడటం బాగుండదని ఆ పని కూతురికి చెప్పారు. కూతురు మొదట తను చెయ్యనంది. అందరి మొహాలూ రోజూ చూడాల్సింది తనే అంది. పెద్దాయన విన్లేదు. సాయంత్రం గేటు దగ్గర బల్ల వేసి, కూతురు ఒక్కొక్క సంచీ విప్పి చూసింది. తాళాలు, బస్ పాసు, మందుల సీసా, సగం అల్లిన స్వెటరు. మెరుగక్క వంతు రాగానే ఆమె తనే అన్నం డబ్బా మూత తీసింది. ఖాళీ డబ్బా అడుగున మడతపెట్టిన గుడ్డ, గుడ్డలో రెండు రేకులున్నాయి.

కూతురు రేకులు బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి తీసుకుంది.

"డ్రమ్ములోవి అయ్యగారూ," అంది మెరుగక్క. "తుక్కులో పోయేవే."

"తుక్కుకి గుడ్డ చుట్టి పట్టుకెళ్తారా?" అన్నాడు అల్లుడు.

ఆమె అతని వైపు చూడలేదు. పెద్దాయన వైపే చూస్తూ నిలబడింది. ఆయన ఏదైనా అంటాడని ఆగింది. ఆయన ఇక రేపట్నించి రావద్దన్నాడు, ఉద్యోగమే కాదు, నమ్మకం కూడా పోయిందన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు దారి ఇచ్చారు. ఆమె ఖాళీ డబ్బాకి మూత పెట్టి, మూత సరిగ్గా పట్టిందో లేదో ఒకసారి నొక్కి చూసుకుని వెళ్ళిపోయింది.

పెద్దాయన ఆ రేకుల్ని జేబులో వేసుకుని వెంటనే భూతద్దానికి ఫోన్ చేశాడు. దొంగ దొరికిందన్నాడు. భూతద్దం ఆవలింత ఆపుకుంటున్నట్టు విని, సగం పనే అయింది, కొన్నవాడెవడో కూడా కావాలన్నాడు.

*

బుధవారం భోజనాలయ్యాక పెద్దాయన ఆమె ఉండే వీధికి బయలుదేరాడు. హాజరు పట్టీలో అడ్రసు కూతురే చెప్పింది. చెప్పి, వెళ్ళకు నాన్నా అంది. ఆయన వెళ్ళాడు. దొంగసరుకు కొనేవాడు ఇంటి చుట్టుపక్కలే ఉంటాడు, వీధి మొదట్లో రిపేరు కొట్టో సెల్‌ఫోన్ కొట్టో ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది అనుకున్నాడు.

వీధి మొదట్లో ఇస్త్రీ బండి ఉంది, కుట్టుమిషను ఉంది, నీళ్ళ ట్యాంకు ఉంది. కొట్టనేది లేదు. ఆయన ప్రతి గుమ్మం వైపూ అనుమానంగా చూస్తూ నడిచాడు. గుమ్మాల్లో ఉన్నవాళ్ళు ఆయన బూట్ల వైపు అంతే అనుమానంగా చూశారు. అప్పు వసూలుకి వచ్చినవాడనుకుని ఒకావిడ తలుపు దగ్గరగా వేసుకుంది.

ఒక గుమ్మం దగ్గర మనిషి ఒకడు గడ్డం గీసుకుంటున్నాడు. ద్వారబంధానికి రెండు మేకుల మధ్య బిగించిన స్టీలు రేకులో మొహం చూసుకుంటున్నాడు. పెద్దాయన ఆగిపోయాడు. ఆ రేకు నాలుగు మూలల గుండ్రం, అంచు మడత ఆయన నిద్రలో తడిమినా గుర్తుపడతాడు. పక్కింట్లో ఒక పిల్ల కిటికీ చువ్వకి కట్టిన రేకు ముందు పాపిడి తీసుకుంటోంది. ఎదురు వాకిట్లో సైకిలు హ్యాండిలుకి ఒకటుంది. కుట్టుమిషను పైన ఒకటుంది. వీధి ఆ చివరిదాకా అక్కడక్కడా ఎండ తగిలి మెరుస్తున్నాయి.

"చెప్పులు కాదు, బూట్లు. పెద్దమనిషే. మన ఇంటికే వస్తున్నాడు," అని ఒక ముసలి గొంతు లోపల్నించి వినిపించింది.

కిటికీ పక్కన మంచం మీద మెరుగక్క అత్తగారు పడుకుని ఉంది. ఆవిడ లేవలేదు. కిటికీ బయట ఒక రేకుని ఏటవాలుగా కట్టారు. మంచం మీంచే ఆవిడకి వీధి అంతా కనిపిస్తోంది. పెద్దాయన ఆవిడని చూడకముందే ఆవిడ ఆయన్ని నెత్తి నుంచి పాదాల దాకా చూసేసింది.

మెరుగక్క బయటికి వచ్చి చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. కూర్చోమనలేదు.

"ఇవన్నీ అమ్మావా?" అన్నాడు పెద్దాయన.

"ఎవరు కొంటారయ్యగారూ? వంకర మొహం చూసుకోడానికి ఎవరైనా డబ్బులిస్తారా?" అంది. "ఇవి వచ్చిన కాణ్ణించీ ఈ వీధిలో అందరికీ మూతి వంకరే. మా అత్తకైతే వీధే వంకరగా కనిపిస్తుంది. ఆవిడకి సరదా."

"వంకరగా ఏం కాదు," అంది లోపల్నించి అత్త. "ఆ మూల కొంచెం వంగుతుంది. పాలవాడు అక్కడికి రాగానే లావవుతాడు. వాడొచ్చాడని అలా తెలుస్తుంది నాకు."

పెద్దాయన కిటికీ దగ్గరికి వెళ్ళి రేకు చూశాడు. కుడి మూల దగ్గర అల ఉంది. ఆయన వెనక్కి నడిచి కుట్టుమిషను మీది రేకు, చువ్వ మీది రేకు, గడ్డం గీసుకుంటున్న మనిషిని పక్కకి జరగమని ద్వారబంధం మీది రేకు కూడా చూశాడు. ఒకదాంట్లో అల, ఒకదాంట్లో సూది మొనంత గుంట, ఒకదాంట్లో నీలం తిరిగిన మరక. లోపం లేని రేకు ఒక్కటీ లేదు. ఒక్కదాని మీదా సంతకం లేదు. జేబులోంచి నిన్నటి రెండు రేకులూ తీశాడు. అవీ అంతే.

"అడిగి తీసుకోవాల్సింది," అన్నాడు తిరిగి వచ్చి.

"అడిగితే ఇచ్చేవారా?"

ఇచ్చేవాడు కాదు. తుక్కు అయినా తూకం ఉంటుంది, ఇవాళ ఒకటి ఇస్తే రేపు పదిమంది చెయ్యి చాపుతారు అనేవాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. జేబులోని రేకులు ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన వాటిని అరుగు మీద పెట్టాడు. ఆమె వాటిని తాకలేదు.

*

షెడ్డుకి తిరిగి వచ్చి సొరుగు తాళం తీశాడు. నకిలీ ప్లేయరుని బోర్లా తిప్పి కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టాడు. కిటికీ చువ్వలు అందులో తిన్నగా, నిక్కచ్చిగా కనిపించాయి. ఏ మూల తిప్పినా వంగలేదు. మెరుగక్క దీన్ని డ్రమ్ములో వేసే అవకాశమే లేదు. ట్రేలో పెట్టిన రేకు ఇది.

అప్పుడు ఆయన మొదటిసారి సంతకాలు చూశాడు. నలభై ఏళ్ళుగా మెరుగు చూసే కళ్ళు మెరుగే చూశాయి, దాని మీద గీసినవాటిని ఎప్పుడూ గీతలుగానే లెక్కేశాయి. మూడో సంతకం తోక చివర, మిషను ఆగే చోట, నువ్వుగింజలో సగమంత నల్లటి చుక్క ఉంది. సంతకాల గది ట్రేలోంచి ఒక రేకు తెచ్చుకుని పక్కన పెట్టాడు. అదే చోట, అదే చుక్క. మిషను అక్కడ ఒక్క క్షణం ఎక్కువ ఆగుతుంది. అది తన సంతకాల గదిలోని మిషనుకున్న జబ్బు, బయట ఇంకెవరి మిషనుకీ అదే చోట ఉండదు.

అల్లుడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పెద్దాయన ప్లేయరునీ ఆ రేకునీ పక్కపక్కన బల్ల మీద పెట్టాడు. ఏమీ అడగలేదు. అడగక్కర్లేదని అల్లుడి మొహమే చెప్పింది.

అతను అమ్ముకున్న రేకులు, గీసేటప్పుడు చెడిపోయాయని లెక్కలో రాసినవే. చెడిపోలేదు. అల్లుడు ఏడవలేదు, బతిమాలలేదు. తలుపు వేసి, కుర్చీ లాక్కుని, వ్యాపారం మాట్లాడేవాడిలా కూర్చున్నాడు. పోయింది ఎక్కడికీ కాదు మామయ్యా, మన ఇంటికే వచ్చింది అన్నాడు. ఇంట్లో దేనికి దేనికి ఖర్చయిందో చెప్పబోతే పెద్దాయన చెయ్యి ఎత్తాడు. అతను ఆ సంగతి వదిలేసి అసలు విషయానికి వచ్చాడు.

"ఎలాగూ ఆవిడ పోయింది. రేకులు దొరకడం పదిమందీ చూశారు. కొన్నవాడి పేరు ఒకటే కదా కావాలి? ఆ వీధిలో ఎవడో ఒకడి పేరు చెప్దాం. కంపెనీవాడు ఆ వీధికి వెళ్తాడా, చూస్తాడా? నేను మళ్ళీ ముట్టుకుంటే అడగండి. మీ కూతురి మొహం చూసైనా ఆలోచించండి మామయ్యా."

పెద్దాయన ఆలోచించాడు. అందులో తప్పులేదని ఆయనకి అనిపించింది, లెక్క వెయ్యడం ఎప్పుడూ తప్పుకాదు. ఒకవైపు షెడ్డు, కూతురి సంసారం, ఇంటి పరువు. రెండోవైపు ఇప్పటికే గేటు దాటిపోయిన ఒక మనిషి. చవకైన దారి ఏదో కూడిక రానివాడికైనా తెలుస్తుంది. అయినా ఆ లెక్క ఆయనకి ఎక్కడో తెగలేదు. ఈ అబద్ధం ఒక్కసారి కొనేది కాదు. రేపు ట్రేలో ఒక రేకు తగ్గితే ఎవరిని చూడాలి? అల్లుడు ముట్టుకోనన్నాడు, నమ్మినవాళ్ళే ఇలా చేస్తారని సోమవారం రెండుసార్లు అన్నది కూడా ఆ నోరే. ఇకమీదట ఈ గదికి తాళం వేసినా, తాళంచెవి ఎవరి దగ్గరుందా అని జీవితాంతం చూసుకోవాలి.

సాయంత్రం కూతురికి చెప్పాడు. ఆమె హాజరు పట్టీ మూసి పక్కన పెట్టింది. "నా చేత ఆవిడ డబ్బా విప్పించావు నాన్నా," అంది. మొగుడి గురించి ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పొద్దున మెరుగక్కకి కబురు పంపాడు. వస్తుందని అనుకోలేదు. వచ్చింది, గేటు లోపల నీళ్ళ కుళాయి దగ్గర నిలబడింది, అంతకంటే ముందుకి రాలేదు. అల్లుడు ఆ రోజు షెడ్డుకి రాలేదు.

భూతద్దం వచ్చి కుర్చీలో కూర్చోబోతుంటే పెద్దాయన ఆయన్ని మెరుగు గదిలోకి రమ్మన్నాడు. గోడ దగ్గర మెయిను స్విచ్చి ఆపాడు. బఫ్‌లు ఒకదాని తర్వాత ఒకటి నీరసపడి ఆగాయి. ఆడవాళ్ళు ముక్కుల మీది గుడ్డలు కిందికి లాక్కున్నారు. ఆయన మెరుగక్కని కూడా పిలిచాడు. ఆమె గుమ్మం దాకా వచ్చింది.

"మొన్న ఈమె పట్టుకెళ్ళింది పనికిరాని రేకులు. డ్రమ్ములోవి," అన్నాడు. గొంతు ఆయన అనుకున్నంత గట్టిగా రాలేదు. "బజారుకి పోయింది మంచి సరుకు. అది సంతకాల గదిలోంచి పోయింది. ఆ గది తాళం నా ఇంటి మనిషి చేతిలో ఉంది. తీసినవాడు నా అల్లుడు. కొన్నవాడి పేరు వాడినే అడగాలి."

ఒకామె చేతిలో ఉన్న రేకుని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులా పట్టుకుంది.

భూతద్దం మెడలో అద్దాన్ని తాడు మీద అటూ ఇటూ తిప్పాడు. ఆశ్చర్యపోయినట్టు లేదు.

"చుక్క సోమవారమే చూశాను. ఈ మిషనుదే అని అప్పుడే తెలుసు. మీరు ఎవరి పేరు చెప్తారా అని ఆగాను."

పెద్దాయన ఒక అడుగు ముందుకి వేశాడు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే అల్లుణ్ణి దాచేవారు. ఫోన్లో ఎవరో ఆడమనిషి దొరికిందన్నప్పుడే అనుకున్నాను, మీరు దాస్తున్నారేమోనని."

ఆ మాట నిజమో కాదో పెద్దాయన తేల్చుకోలేకపోయాడు. సోమవారం చెప్పి ఉంటే తను ఏం చేసేవాడు? ఇద్దరు మగవాళ్ళు ఒకరినొకరు పరీక్షించుకున్నారు, మంగళవారం నించీ దొంగ పేరు మాత్రం ఆమె మోసింది. ఆమె గుమ్మంలో నిలబడి అంతా విన్నది. ఎవరి వైపూ ప్రత్యేకంగా చూడలేదు.

భూతద్దం మెరుగు పని ఈ లాటు సరుకు అయ్యేవరకూ ఇక్కడే ఉంటుందన్నాడు. సంతకాలు గీసే పని మాత్రం ఇవాళే తీసేసి వేరే చోటికి ఇస్తారు. తర్వాతి సంగతి తను చెప్పేది కాదు, కంపెనీవాళ్ళు తేల్చుకుంటారు. వెళ్తూ వెళ్తూ పెద్దాయన బల్ల మీది నకిలీ ప్లేయరుని జేబులో వేసుకున్నాడు. లాటులో ఇంకా చాలా రేకులు మిగిలి ఉన్నాయి.

పెద్దాయన మెయిను మీద చెయ్యి వేసి ఆగాడు. ఆమెని రమ్మనాలని ఉంది. రమ్మనే హక్కు ఇంకా ఉందో లేదో తెలియలేదు. క్షమించమనడం ఎప్పుడూ అలవాటు లేదు, అంటే ఎలా ఉంటుందో కూడా తెలియదు. చివరికి, "పోయిన రెండు రోజుల జీతమూ ఇస్తాను," అన్నాడు. అనగానే అది ఎంత తక్కువగా వినిపించిందో ఆయనకే తెలిసింది.

మెరుగక్క గుమ్మం దాటి లోపలికి వచ్చి, తన పీట మీద కూర్చున్న అమ్మాయి భుజం తట్టింది. ఆ అమ్మాయి లేచింది. మెరుగక్క కూర్చుని, బఫ్ గుడ్డ వేలితో నొక్కి చూసి, ఎవరో సబ్బు ఎక్కువ పట్టించారని గొణిగింది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. పెద్దాయన మెయిను వేశాడు. బఫ్ వేగం అందుకునేదాకా ఆమె ఆగి, మొదటి రేకు ఆనించి, తీసి, తుడిచి, పైకెత్తింది.

ఆయన ఇంకా ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు.

"అయ్యగారూ, కొంచెం జరగండి," అంది ఆమె. "లైటుకి అడ్డొస్తున్నారు."

ఆయన జరిగాడు.